విడిభాగాల లెక్క

ఆడవాళ్లకు జాబితాలు రాయడం ఎవరూ నేర్పక్కర్లేదు. నెల సరుకులు, పెళ్లి పెట్టుపోతలు, పురిటికి వెళ్లేటప్పుడు సంచిలో సర్దాల్సినవి, అన్నీ చేయి తిరిగిన జాబితాలే. కానీ 2024 అక్టోబరులో నేను మొదలుపెట్టిన ఒక జాబితా మాత్రం డిసెంబరు దాకా తెగలేదు. అందులో ఉన్నవి తొమ్మిదే వస్తువులు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్, మానిటర్, కీబోర్డు మౌసుల జత, యూపీఎస్. అన్నీ కలిపి 40,000 రూపాయలు దాటకూడదు. విడివిడిగా కొని, ఇంట్లో నేనే బిగించుకోవాలని నిశ్చయించుకున్నాను. తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. చేసినదానికి ఇదేం సరదా అని నవ్వినవాళ్లు ఉన్నారు. నవ్వనివాళ్లు, "మీ మరిది సాఫ్ట్‌వేరేగా, ఆయన్నడిగితే పోలా!" అన్నారు.

సరదా కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే ముందు బుడమేరు సంగతి చెప్పాలి.

విజయవాడవాళ్లకు కృష్ణ మీద ఉన్న భయభక్తులు బుడమేరు మీద లేవు. ‘బెజవాడ దుఃఖదాయిని’ అని పాత పేరున్నా, మా సింగ్‌నగర్ వైపు కాపురమున్న వాళ్లకు అదొక మురుగుకాలువ, అంతే. 2024 ఆగస్టు 31న కురిసిన వానకు దానికి గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 ఆదివారం మా వీధిలోకి నీళ్లొచ్చాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి పోతుంటే లోకమంతా కృష్ణ వైపు చూస్తోంది. మేం బుడమేరు నీళ్ల మధ్య ఇంటివాళ్ల డాబా మీదున్నాం. పాప, అత్తయ్యగారి మందులు, సర్టిఫికెట్ల సంచి. చేతికందినవి ఇవి. మూడోరోజు పడవలో వచ్చి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర దిగాం. తిరిగి ఇంట్లో కాలు పెట్టింది పన్నెండో రోజున.

లోపలిగదిలో నా ల్యాప్‌టాప్ ఒండ్రులో కూరుకుపోయి ఉంది. మంచం కింద ట్రంకుపెట్టెలో పాత స్త్రీల పత్రికల జిరాక్సులు. జిరాక్సు అక్షరం నీళ్లకు చెరగదు, అది సిరా కాదు కనుక. కాగితమే ముద్దయిపోతుంది. విడదీయబోతే అట్టలు అట్టలుగా ఊడివస్తోంది. వేటపాలెం సారస్వత నికేతనంలోనూ ఇతర గ్రంథాలయాల్లోనూ నాలుగేళ్లపాటు కూర్చుని తీసుకున్న ఫోటోల్లో మూడో వంతు మాత్రం ఫోన్‌లోనూ మెయిల్‌లోనూ మిగిలాయి. చుట్టూ మంచాలూ బియ్యం బస్తాలూ కుట్టు మిషన్లూ బతుకుతెరువు ఆటోలూ పోగొట్టుకున్న మనుషుల మధ్య, ‘1902 నాటి పత్రికల ఫోటోలు పోయాయి’ అని ఎవరితో చెప్పుకోను? చెప్పుకోలేదు.

నేను పని చేస్తున్న విషయం, స్త్రీల పత్రికల్లో ఇంటి ఖర్చుల గురించిన రాతలు. 1902లో ఏలూరు నుంచి సత్తిరాజు సీతారామయ్య మొదలుపెట్టిన ‘హిందూ సుందరి’, 1928లో మద్రాసు నుంచి కె.ఎన్. కేసరి తెచ్చిన ‘గృహలక్ష్మి’, ఇంకా అలాంటివి. సంస్కరణ కాలం స్త్రీకి చదువెందుకని అడిగి, తానే ఇచ్చుకున్న జవాబుల్లో ఒకటి, పద్దు రాయడానికి. ఇంటి లెక్క చూడగలిగితే సంసారం నిలబడుతుంది. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూ సుందరి’లో వచ్చింది. తొలి తెలుగు కథ ఏదన్న తగవు వచ్చినప్పుడల్లా దాన్ని తలుచుకుంటాం గానీ, అది డబ్బు గురించిన కథ అని, డబ్బు లేని ఇంట్లో భార్య తీసుకునే నిర్ణయం గురించిన కథ అని అంతగా చెప్పుకోం. ఈ రాతలన్నిట్లో నన్ను పట్టి ఉంచేది ఒక ప్రశ్న. ఆమె ఇంత పొదుపు చేసింది కదా, ఆ మిగిల్చిన దాంట్లోంచి తన పనిముట్టు కోసం ఎప్పుడైనా ఖర్చు పెట్టుకుందా?

వరద తర్వాత మా ఇంట్లో రాసిన జాబితాలో ఆ ప్రశ్న నా ముందే కూర్చుంది. మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తు వాళ్లకు 10,000 ప్రభుత్వం ప్రకటించింది. మా ఇంటికి వచ్చిన 25,000 అత్తయ్యగారి ఖాతాలో పడ్డాయి. ఫ్రిజ్, గ్రైండర్, గ్యాస్ స్టవ్, పరుపులు, పాప పుస్తకాలు. ఆ జాబితా రాసింది నేనే. అందులో తప్పుబట్టడానికేమీ లేదు. కంప్యూటరు వద్దని మా ఆయన అనలేదు, అత్తయ్యగారూ అనలేదు. ఎవరూ ఏమీ అనకుండానే అది జాబితాలోకి రాలేదు. ఆయన పాడైన బండి బాగుచేయించుకోవడం మాత్రం జాబితాలో లేకుండానే జరిగిపోయింది, అది లేకపోతే ఉద్యోగానికి ఎలా వెళ్తాడు? నేనూ ఉద్యోగానికే వెళ్తాను. గెస్ట్ ఫ్యాకల్టీని. పరిశోధన ఆ ఉద్యోగంలో భాగం కాదు గనుక అది ‘నా ఇష్టం’ కిందికి వస్తుంది.

40,000 ఎక్కడివంటే, మేం ఇరవైమంది ఆడవాళ్లం నెలకు 2,000 చొప్పున వేసుకునే చీటీ. పాటలు లేవు, చీటీ తీయడమే. చివరి నెల నాది. పాపకు చెవిదిద్దులు చేయిద్దామని మొదలుపెట్టినది. పాపను అడిగాను. దానికి పదకొండేళ్లు. "దిద్దులు స్కూలుకి పెట్టుకోనివ్వరుగా" అంది. దాన్ని అనుమతి కింద రాసుకున్నాను.

అంత డబ్బుకి కొత్త ల్యాప్‌టాపే వస్తుంది కదా అని అందరూ అన్నారు. వస్తుంది. కానీ ఆ ధరలో వచ్చే వాటిలో చాలా వాటికి మెమరీ కొంతో మొత్తమో బోర్డుకే అతికించి ఉంటుంది. ఒకటి పాడైతే అంతా పాడైనట్టే. నీళ్లలో మునిగిన దాన్ని బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్తే అతను మూత విప్పి ఒక్కమాటే అన్నాడు, ఇందులో మార్చడానికి విడిగా ఏమీ లేదు అని. ఇంకో కారణం కూడా ఉంది, అది ఆడవాళ్లకు చెబితే అర్థమవుతుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ ఎవరి ఒడిలో ఉంటే వాళ్లది. టీవీలో మ్యాచ్ రానిరోజు అది నాది కాదు. పాపకు ప్రాజెక్టు వర్కు ఉన్నరోజు నాది కాదు. బల్ల మీద ఒకచోట పాతుకున్న యంత్రానికి ఆ అవస్థ తక్కువ. వర్జీనియా వుల్ఫ్ గది అడిగింది. మూడు గదుల అద్దె ఇంట్లో నేను ఒక మూల అడిగాను.

ఆఫీసుల్లో వాడి తీసేసిన పాత డెస్క్‌టాపులు 14,000కే దొరుకుతున్నాయని ఒక సహోద్యోగిని చెప్పింది. వెళ్లి చూశాను. తీసిపారేసేవి కావు. రాసుకోవడానికీ చదువుకోవడానికీ నిక్షేపంలా పనికొస్తాయి, చేతిలో 15,000కు మించి లేనివాళ్లకు ఇప్పటికీ అవే చెబుతాను. చిక్కేమిటంటే చాలా వాటిలో పవర్ సప్లై, బోర్డు ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి. చెడిపోతే బజార్లో దొరికేది అందులో పట్టదు. పైగా నా పనికి కావలసిన వేగం ఆ పాత ప్రాసెసర్లలో లేదు.

నా పని అంటే, పేజీ ఫోటోలను కంప్యూటరు చేత చదివించి వెతకడానికి వీలైన అక్షరాలుగా మార్చడం. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తెలుగు చదువుతుంది. వంద పేజీలిస్తే ఒక్కొక్కటిగా కాకుండా, ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లుంటే అన్ని పేజీలను ఏకకాలంలో పెట్టి చదివించవచ్చు. ఇది తెలిశాక జాబితాలో మొదటి వస్తువు తేలిపోయింది. అటు ఇంటెల్ ఐ3-12100, నాలుగు కోర్లు. ఇటు ఏఎండీ రైజెన్ 5 5600జి, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. విడివిడిగా ఒక్కో కోరు బలం చూస్తే ఇంటెల్‌దే పైచేయి, అది కొత్త తరం. కానీ నాకు ఒక్క గుర్రం పరుగు కాదు, ఆరు ఎడ్ల నడక కావాలి. 5600జిలో బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కూడా లోపలే ఉంటుంది, విడిగా కార్డు కొనక్కర్లేదు. 11,600.

ఇంత సంగతి తెలుసుకోవడానికి నేను చూసిన వీడియోల్లో నూటికి తొంభై కుర్రవాళ్లు కుర్రవాళ్ల కోసం చేసినవే. ‘బడ్జెట్’ అన్నమాట పక్కన ‘గేమింగ్’ అన్నమాట ఉండితీరాలి. అన్నిట్లోనూ డబ్బులో సగం గ్రాఫిక్స్ కార్డుకే పోతుంది. పాత పత్రికలు చదివించే మనిషికి ఏం కావాలో చెప్పే వీడియో ఒక్కటీ దొరకలేదు. వాళ్ల జాబితాలో గ్రాఫిక్స్ కార్డు కొట్టేసి, ఆ డబ్బును నా అవసరాల మీదికి మళ్లిస్తే నా జాబితా వచ్చింది. ఒక పాఠాన్ని ఉద్దేశించిన పాఠకుడు మనం కానప్పుడు అడ్డంగా చదువుకోవడం మనకు అలవాటే కదా.

మదర్‌బోర్డు దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. పేరులో తల్లి ఉన్నందుకేమో, బడ్జెట్ కోత మొదట దాని మీదే పడుతుంది. రెండు ర్యామ్ గాడులున్న ఏ520 బోర్డు 4,450, నాలుగు గాడులున్న బి450 బోర్డు 5,350. ఈరోజుకి నాకు రెండు గాడులు చాలు. మిగతా రెండూ ఎప్పటికో. 900 రూపాయలు ఒక ‘ఎప్పటికో’ మీద పెట్టడం మనకు అలవాటు లేని పని. పిల్ల గౌను రెండేళ్లు వస్తుందని ఒక సైజు పెద్దది కొంటాం, మనకి మాత్రం ఇవాళ్టికి సరిపోతే చాలు. నాలుగు గాడులదే రాసుకున్నాను. ఆ బి450 రకం 2018 నాటిది, 5600జి 2021లో వచ్చింది. తల్లి కంటే పిల్ల చిన్నది కాబట్టి బోర్డులోని బయోస్ కొత్తదై ఉండాలి, లేకపోతే ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. పెట్టె మీద ‘రైజెన్ 5000 రెడీ’ అన్న కాగితం ఉందో లేదో చూసి కొనాలని పక్కన రాసుకున్నాను.

ర్యామ్ 16 జీబీ. ఒకటే పుల్లగా కాకుండా 8 జీబీవి రెండు. లోపలున్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌నే పంచుకుంటుంది. రెండు పుల్లలుంటే రెండు దారుల్లో రాకపోకలు సాగుతాయి, ఒకటే అయితే ఒకే దారి. 3,450. ఎస్‌ఎస్‌డీ 500 జీబీ, 3,300. ఇందులో నాలుగో తరం అని ఎక్కువ ధరవి ఉన్నాయి గానీ, 5600జి మూడో తరం వేగాన్నే ఇవ్వగలదు. పెట్టిన డబ్బు కనబడకుండా పోతుంది. మానిటర్ మాత్రం కాస్త మంచిదే, 22 అంగుళాలది, 7,400. నూటపాతికేళ్ల నాటి అచ్చులో అరసున్నా ఉందో నల్లమచ్చ పడిందో తేల్చుకోవాల్సింది నా కళ్లే. కీబోర్డు, మౌసు జత 850. విండోస్ కొంటే దాదాపు 10,000, అందుకని ఉచితంగా దొరికే లినక్స్.

లినక్స్ అనగానే ‘అను’ ఫాంట్ల గురించి అడిగింది నా సిద్ధాంతగ్రంథం టైపు చేసినామె. ఏలూరు రోడ్డు వెనక సందులో డి.టి.పి. సెంటర్ ఆమెది. ఆ ఫైలు నా తెరమీద తెరిస్తే తెలుగు బదులు రోమన్ అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. విజయవాడలో అచ్చయిన తెలుగు సాహిత్యంలో ఎంతో భాగం ఇలాంటి ఆడవాళ్ల వేళ్ల మీదుగా వచ్చింది. పుస్తకం లోపలి పేజీలో ‘డి.టి.పి.’ అన్నదాని పక్కన పేరుంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఆమె యూనికోడ్‌లోకి మార్చే పద్ధతి నాకు నేర్పింది. మార్చాక ఎక్కడెక్కడ వత్తులు చెదిరిపోతాయో చూడకుండానే చెప్పింది. పాతికేళ్ల అనుభవం. ఆమెను ఎవరూ ‘టెక్నికల్’ అనరు.

పవర్ సప్లై దగ్గర నా లెక్క 40,000 దాటిపోయింది. అన్ని ఖర్చుల్లోనూ తేలిగ్గా కోయగలిగినది అదే అనిపిస్తుంది. 1,000 చిల్లరకే క్యాబినెట్‌లో బిగించి వస్తుంది, పైన 450 వాట్లు అని కాగితం అంటించి ఉంటుంది. సర్టిఫికెట్ ఉన్నదైతే విడిగా 3,050. నా యంత్రమంతా కలిపి 150 వాట్లు కూడా తాగదు. మరి ఎందుకు?

ఇక్కడ నాకు సహాయం చేసింది అత్తయ్యగారు. ఎనిమిదో తరగతితో చదువాపేసిన మనిషి. కొత్త గ్రైండర్ ఎదురుగా కూర్చుని పప్పు నానబోస్తూ నా కాగితం వైపు చూసి, "ఏమిటమ్మాయ్, అంతసేపు లెక్క?" అన్నారు. చెప్పాను.

"గ్రైండర్ కొనేటప్పుడు గిన్నె మెరుపు చూశామా, మోటారు చూశామా? దీనికి మోటారేది?"

"మోటారంటూ లేదు అత్తయ్యగారూ. కరెంటు అన్నిటికీ పంచిపెట్టే డబ్బా ఇదే."

"అది చెడితే అదొక్కటే పోతుందా, మిగతావాటిని కూడా తీసుకుపోతుందా?"

"నాసిరకందైతే తీసుకుపోవచ్చు."

"మరి అడుగుతావేమిటే! పైడబ్బాలో తగ్గించు."

వీడియోలన్నీ కలిపి గంటల తరబడి చెప్పిన దాని సారం అదే. ఓల్టేజి ఎగిరిపడినప్పుడు మిగతా భాగాలకు దెబ్బ తగలకుండా తాను ఆగిపోవడం మంచి పవర్ సప్లై చేసే పని. సాయంత్రం ఏసీలన్నీ వేసేవేళ వోల్టేజి పడిపోయి, గాలివానకు కరెంటు పోయి ఒక్క ఊపున తిరిగొచ్చే చోట ఇది అలంకారం కాదు. క్యాబినెట్‌ను 2,150కి తగ్గించాను. అద్దాలూ రంగురంగుల లైట్లూ లేనిది, ముందువైపు జల్లెడలా చిల్లులున్నది. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊళ్లో అద్దాల పెట్టెకన్నా గాలి ఆడే రేకు పెట్టె మేలు. యూపీఎస్ 2,800. మొత్తం 39,950.

కొనడానికి గవర్నర్‌పేట వెళ్లాను. ఒక్కదాన్నే. నాలుగు దుకాణాలు తిరిగాను, పేర్లు అనవసరం. "సార్ రాలేదా మేడమ్?" అని ఒకచోట. "బాబు కోసమా? గేమ్స్ ఆడతాడా?" అని ఇంకోచోట.

"బాబు లేడు, పాప."

"పాపకైతే ఇంత అక్కర్లేదు మేడమ్, పాత సిస్టమ్ ఇప్పిస్తా."

నాకోసమే అన్నాక ఆయన కాగితం తీసుకుని చదివాడు. మొదట పవర్ సప్లై కొట్టేశాడు. నేను మళ్లీ రాశాను. బిల్లు వద్దంటే 2,000 తగ్గిస్తానన్నాడు. బిల్లు లేకపోతే వారంటీ ఎవరినడగాలి? ఆ దుకాణంలో కొనలేదు. నాలుగోచోట కౌంటర్లో ఉన్న కుర్రాడు నా కాగితం చూసి వాదించకుండా ఒకే ప్రశ్న వేశాడు, "రెండర్లు చేస్తారా మేడమ్, కోర్లు ఎక్కువ తీసుకున్నారు?" చెబితే, "తెలుగు ఓసీఆరా!" అని ఆసక్తిగా విన్నాడు. బేరం మాత్రం పెద్దగా తగ్గలేదు. వైర్ల గురించి అడుగుతుంటే ఒక్కచోట తడబడ్డాడు. ఈ రంగంలో పిన్నులున్న కొసను ‘మేల్’ అనీ, గుంటలున్న కొసను ‘ఫీమేల్’ అనీ అంటారు. నా ముందు ఆ మాట అనలేక "అదే మేడమ్... ఇటువైపుది" అని చేత్తో చూపించాడు. అక్కడ సిగ్గుపడాల్సింది ఆ పేర్లు పెట్టినవాళ్లే గానీ ఆ పిల్లాడు కాదు.

"అసెంబ్లింగ్ ఫ్రీ, గంటలో బిగించి ఇస్తాం" అన్నాడు. వద్దన్నాను. ముందు బోర్డూ ప్రాసెసర్ కలిసి పనిచేస్తున్నాయో లేదో తెరమీద ఒకసారి చూపించమన్నాను. చూపించి, మళ్లీ విప్పి పెట్టెల్లో పెట్టి ఇచ్చాడు. ఎందుకీ చాదస్తమని అతనూ అనుకునే ఉంటాడు. రేపు ఏదైనా ఆగిపోతే, ఏ భాగం ఆగిందో నాకు తెలియాలి. సంచి నిండా పెట్టెలతో ఆటోలో ఇల్లు చేరాను. ఇప్పుడు సత్యనారాయణపురంలో ఉంటున్నాం. మొదటి అంతస్తు. వరద తర్వాత అద్దెకు ఇల్లు వెతికినవాళ్లం మేం అడిగిన మొదటి మాట అదే, ఎన్నో అంతస్తు అని.

బిగించే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి మిగిలింది. ఎర్తింగ్. పాత అద్దె ఇళ్లలో మూడు చిల్లుల ప్లగ్గులుంటాయి, మూడో చిల్లుకి వెనక తీగ ఉండదు. అలాంటి చోట రేకు క్యాబినెట్‌ను వట్టికాళ్లతో ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి టెస్టర్ బల్బుతో చూపించమంటే, మా ఆయన ఇంటికి వచ్చేదాకా ఆగుదామన్నాడతను. ఆగలేదు. వంటింటి ప్లగ్గుకి ఎర్త్ ఉంది, ముందుగదికి లేదు. లాగించడానికి 600. అది 40,000లో లేదు. కూరగాయల డబ్బులోంచి తీశాను, ఎప్పటిలాగే.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల తుడిచి మొదలుపెట్టాను. ప్రాసెసర్ అడుగున 1331 సూదులు. ఒక్కటి వంగినా 11,600 పోతాయి. దాని ఒక మూల బంగారు రంగు త్రిభుజం ఉంటుంది, సాకెట్ మూలనున్న త్రిభుజంతో కలపాలి. నొక్కకూడదు. సరిగ్గా పెడితే దానంతటదే దిగుతుంది. పాప టార్చి పట్టుకుంది. ఫ్యాను బిగించే నాలుగు మరలనూ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాలి. అత్తయ్యగారు అది చూసి, "కుక్కరు మూత రబ్బరు కూడా అంతేగా, ఒకపక్కే నొక్కితే రెండోపక్క లేస్తుంది" అన్నారు. ర్యామ్ పుల్లలు ‘టక్’ మనేదాకా నొక్కడానికి మాత్రం గుండె చాలలేదు. అంత బలం పెడితే బోర్డు విరుగుతుందేమోనని భయం. అత్తయ్యగారే బొటనవేళ్లతో నొక్కారు. మా ఆయన మధ్యలో వచ్చి చూసి, సాయం కావాలా అని అడిగి, వద్దంటే టీ పెట్టి తెచ్చాడు. ఈ దేశంలో దీన్ని కూడా రాయాల్సి వస్తోంది.

ఆ చిప్పు మీద చిన్న అక్షరాల్లో తైవాన్ పేరుంది. దాన్ని చూస్తుంటే పాఠం చెప్పేటప్పుడు ఎన్నోసార్లు వాడిన ఒక పుస్తకం గుర్తొచ్చింది. ఐవా ఓంగ్ 1987లో మలేసియాలోని ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసే పల్లెటూరి ముస్లిం అమ్మాయిల గురించి రాసింది. మైక్రోస్కోపులోకి గంటల తరబడి చూస్తూ చూస్తూ ఆ అమ్మాయిలకు పూనకాలు వచ్చేవి. దయ్యం కనబడిందని కేకలు పెట్టేవాళ్లు, పని ఆగిపోయేది. యాజమాన్యాలు మంత్రగాళ్లను పిలిపించేవి. దాన్ని ఆమె మూఢనమ్మకం అని కొట్టిపారేయలేదు, యంత్రపు క్రమశిక్షణ మీద ఆ ఒళ్లు చేసిన తిరుగుబాటుగా చదివింది. పూనకం అంటే ఏమిటో మన పల్లెల్లో పెరిగినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. లీసా నకమురా 2014లో రాసిన వ్యాసం ఇంకొక సంగతి చెబుతుంది. అమెరికాలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 1965 నుంచి 1975 దాకా షిప్‌రాక్ అనే చోట నవాహో స్త్రీల చేత చిప్పులు చేయించింది. తరతరాలుగా తివాచీలు నేసే వేళ్లు గనుక ఈ పనికి పుట్టినవే అన్నట్టు తన ప్రచార పత్రంలో బొమ్మలు వేసుకుంది. నైపుణ్యాన్ని పుట్టుకతో వచ్చినదిగా చెబితే దానికి కూలి తక్కువ ఇవ్వచ్చు. మన శ్రీసిటీలో 2015లో ఫోన్ల ఫ్యాక్టరీ మొదలైనప్పుడు కూడా లోపల వరసల్లో కూర్చున్నది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలే.

నేను ఒక్క ఆదివారం మధ్యాహ్నం నాకోసం చేసుకున్నదాన్ని వాళ్లు రోజంతా ఎవరికోసమో చేస్తారు. నేను బిగించినందుకు అందరూ మెచ్చుకున్నారు, మరిది ఫోన్ చేసి మరీ. అదే పని ఆ అమ్మాయిలు చేస్తే ఓపికైన వేళ్లు అంటారు. నా సాహసంలో ఈ అసమానత కూడా ఉంది, అది 39,950 బిల్లులో ఎక్కడా కనబడదు.

రాత్రి ఎనిమిదింటికి మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది, తెరమీద ఏమీ రాలేదు. మానిటర్ తీగ సరిగ్గా కూర్చోలేదు, పాప కనిపెట్టింది.

అప్పటినుంచి ఫోన్‌లో మిగిలిన పేజీలతో మొదలుపెట్టాను. పోయినవాటి కోసం మళ్లీ గ్రంథాలయాలకు వెళ్తున్నాను, సెలవు దొరికిన రోజుల్లో. రాత్రి అందరూ పడుకున్నాక ఫోటోలు వరసలో పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి చదివి ఉంచుతుంది. పాత అచ్చును ఇది అక్షరం పొల్లుపోకుండా చదువుతుందనుకోకండి. బండి ‘ఱ’ కనబడితే తికమకపడుతుంది. అరసున్నాను మింగేస్తుంది. వత్తు కింద వత్తు వచ్చినచోట దాని తెలివి తెల్లారుతుంది, ‘స్త్రీ’ అన్నమాటను రకరకాలుగా రాస్తుంది, స్త్రీల పత్రికల్లో ఆ మాట పేజీకి ఎన్నిసార్లు వస్తుందో మీకు తెలుసు. అన్నీ దిద్దుకోవాలి. దిద్దినవి కొంత పోగయ్యాక, ‘పద్దు’, ‘మితవ్యయము’, ‘దుబారా’ లాంటి మాటలు ఏ సంచికలో ఎన్నిచోట్ల వచ్చాయో నిమిషంలో తెలుస్తోంది. ‘దుబారా’ అన్నమాట నేను చూసినంతలో దాదాపు ఎప్పుడూ చీరల పక్కనే, నగల పక్కనే వస్తోంది. మగవాళ్ల ఖర్చుల పక్కన ఎక్కడుందోనని ఇంకా వెతుకుతున్నాను.

సంచికలు పెరిగేకొద్దీ 16 జీబీ చాలడం లేదు. ఖాళీగా ఉంచుకున్న ఆ రెండు గాడుల్లో ఇంకో జత ర్యామ్ వేద్దామని 2025 డిసెంబరులో గవర్నర్‌పేట వెళ్లాను. 3,450కి కొన్న జత 9,000 పైమాటే అన్నారు. కృత్రిమమేధ డేటా సెంటర్లకు మెమరీ అంతా తరలిపోతోందట. ఆ నెలలోనే మైక్రాన్ సంస్థ మామూలు కొనుగోలుదారులకు అమ్మే తన ‘క్రూషియల్’ రకాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. నా రెండు పుల్లలూ అవే. అత్తయ్యగారు ధర విని, "దిద్దులు చేయించుకున్నా ఇంత పెరిగేది కాదేమో" అన్నారు. బంగారం కూడా తక్కువేం పెరగలేదని చెప్పాను. మళ్లీ చీటీ వేశాం. ఈసారి నాది ఆరో నెల.